లెక్కలు చదివే బిడ్డకు అప్పు లెక్క చెప్పేదెవరు?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన వారం రోజుల్లో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "అప్పో సప్పో చేసి చదివించండి, ఉద్యోగం వస్తే అదే తీరుతుంది." రెండవది, "లెక్కల డిగ్రీ చదివి ఏం చేస్తాడు? మహా అయితే ట్యూషన్లు చెప్పుకుంటాడు." మొదటి మాట అనేవారు అప్పు బరువును చూడరు. రెండవ మాట అనేవారు గణితం విలువను చూడరు. గణితంలో నూటికి తొంభై అయిదు తెచ్చుకుని, ఇంట్లో డిగ్రీ చదివినవారెవరూ లేక, సలహా చెప్పే దిక్కు లేక నిలబడిన బిడ్డకు ఈ రెండు మాటల వల్లా నష్టమే.

మేము ఈ రెండు మాటలనూ తిరస్కరిస్తున్నాం. అనువర్తిత గణితం మన పిల్లలు తప్పక చదవవలసిన చదువు. అయితే ఆ చదువును అప్పు మీద నిలబెట్టడం తప్పు. దానిని అప్పు మీదికి నెట్టినది కేవలం మన పేదరికం కాదు. పాలకులు తెలిసి తీసుకున్న నిర్ణయాలు. ఈ సంగతిని ఆవేశంతో కాక అంకెలతోనే చెప్పదలిచాం. గణితం గురించిన వాదానికి అంకెలే సాక్ష్యం కావాలి కదా.

అది ఎటువంటి చదువు?

అనువర్తిత గణితం అంటే లెక్కలను లోకవ్యవహారానికి వినియోగించే శాస్త్రం. అవకలన సమీకరణాలు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం, ఉత్తమీకరణ, కంప్యూటర్ మీద చేసే సంఖ్యాత్మక గణనలు దానిలో ముఖ్య భాగాలు. తుఫాను ఎటు కదులుతుందో అంచనా వేయడానికి, బీమా ప్రీమియం నిర్ణయించడానికి, బ్యాంకు తన నష్టభయాన్ని కొలుచుకోవడానికి ఇదే ఆధారం. నేడు అందరి నోటా నానుతున్న కృత్రిమ మేధకు పునాది కూడా ఇదే. డేటా సైన్సు అనే కొత్త పేరుతో లక్షలు వసూలు చేస్తున్న కోర్సులలో సారమంతా ఈ పాత గణితమే.

ఇది మనకు పరాయి విద్య కాదు. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు పంపకాల లెక్కలకే కేటాయించబడింది. షరీఅత్ ప్రకారం ఎవరి వాటా ఎంత అనే ప్రశ్నకు సమీకరణంతో జవాబు చెప్పడం ఆయన చేసిన పని. అనువర్తిత గణితానికి అంతకన్న చక్కని ఉదాహరణ ఏముంటుంది? ఆ పండితుడు ఖలీఫా మామూన్ ఆదరణలో, బైతుల్ హిక్మాలో పనిచేశాడు. విద్వాంసుని పోషణ రాజ్యం బాధ్యత అని ఆ కాలం గుర్తించింది. నేడు మన రాజ్యం విద్యార్థికి చూపిస్తున్న దారి బ్యాంకు కౌంటరు.

అప్పుకు తొందర, గణితానికి నెమ్మది

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. రెండేళ్ల పీజీ కోర్సు కోసం ఒక విద్యార్థి 10 లక్షల రూపాయలు, ఏటా 10 శాతం వడ్డీకి, ఒకేసారి తీసుకున్నాడనుకుందాం. సాధారణంగా కోర్సు కాలం, ఆ తరువాత ఒక సంవత్సరం వాయిదాలు కట్టనక్కరలేదు. కాని వడ్డీ ఆగదు. మూడేళ్లలో సాధారణ వడ్డీయే 3 లక్షలు చేరి బాకీ 13 లక్షలవుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలవాయిదా సుమారు 17,180 రూపాయలు. చివరికి కట్టినది మొత్తం 20 లక్షల 60 వేలు దాటుతుంది. అదే షరతులతో 4 లక్షలు మాత్రమే తీసుకుంటే నెలవాయిదా సుమారు 6,870 రూపాయలు.

మొదటి ఉద్యోగంలో చేతికి 25 వేలు వస్తున్నాయనుకోండి. 4 లక్షల అప్పు తీసుకున్నవాడికి వాయిదా పోగా 18 వేలు మిగులుతాయి, ఇరుకుగానైనా బతకగలడు. 10 లక్షల అప్పు తీసుకున్నవాడికి మిగిలేది 7,820 రూపాయలు. హైదరాబాదులో అద్దె, తిండి, బస్సు పాసు, ఊళ్లోని అమ్మీ అబ్బాలకు పంపవలసినది, అన్నీ అందులోనే. ఇద్దరిదీ ఒకే డిగ్రీ, ఒకే జీతం. ఒకడు నిలబడతాడు, ఇంకొకడు కుంగిపోతాడు. తేడా తెలివిలో లేదు, అప్పు పరిమాణంలో ఉంది.

ఇక్కడ గణితానికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఈ చదువు సంపాదన నెమ్మదిగా పెరుగుతుంది. బీమా రంగంలో యాక్చువరీ కావాలంటే ఉద్యోగం చేస్తూనే సంవత్సరాల తరబడి పరీక్షలు ఒక్కొక్కటిగా గట్టెక్కాలి. హోదా, జీతం వాటి వెంటే పెరుగుతాయి. పరిశోధన వైపు వెళ్లాలంటే ముందు నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించాలి. 2023 జనవరి నుంచి అది నెలకు 37,000 రూపాయలు. గౌరవంగా బతకడానికి అది చాలవచ్చు, కాని దానిలో నుంచి 17 వేలు బ్యాంకుకు పోతే పరిశోధన సాగదు. డేటా రంగంలోనూ మొదటి రెండు మూడేళ్లు పని నేర్చుకునే కాలమే.

అప్పు మాత్రం అంతవరకు ఆగదు. కోర్సు ముగిసిన ఏడాదికి వాయిదా తలుపు తడుతుంది. ఆ తొందరలో మన పిల్లవాడు ఏం చేస్తాడు? యాక్చువరీ పరీక్షలు వాయిదా వేస్తాడు. నెట్‌కు చదవడం మానేస్తాడు. చేతికందిన మొదటి ఉద్యోగంలో, తాను చదివినదానితో సంబంధం లేని పనిలో చేరిపోతాడు. ఆ చదువు ఇవ్వగల అసలు ఫలం అందకముందే చెట్టు నరుక్కున్నట్టవుతుంది. పదేళ్ల తరువాత సగటు జీతం ఎంత అని చూపే పట్టికలు ఈ సంగతి చెప్పవు. ఆ పదేళ్లు ఓపిక పట్టగలిగినవారు ఎవరన్నదే ప్రశ్న. తండ్రికి రెండిళ్ల అద్దె వచ్చే కుటుంబం ఓపిక పట్టగలదు. తండ్రి పంక్చర్ దుకాణంతో, తల్లి కుట్టుమిషనుతో నడిచే కుటుంబం పట్టలేదు.

అందుచేత మా వాదం ఇది: ఫలితం నెమ్మదిగా వచ్చే చదువుకు స్కాలర్‌షిప్పు కావాలి, అప్పు కాదు. అప్పు తప్పనిసరి అయిన చోట అది మొదటి జీతం మోయగలిగినంతే ఉండాలి, చివరి జీతం ఆశ చూపి పెంచినంత కాదు.

ఉన్న చోట చౌకగానే ఉంది

అసలు విషాదం ఏమంటే, ఈ చదువు మన దగ్గర ఖరీదైనదే కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్.ఐ.టి. అనువర్తిత గణితంలో ఎం.ఎస్సీ. బోధిస్తున్నాయి. ఐ.ఐ.టి.లు నిర్వహించే జామ్ పరీక్ష ఒక్కటి రాస్తే ఐ.ఐ.టి.లకూ ఎన్.ఐ.టి.లకూ దారి తెరుచుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సి.పి.జి.ఇ.టి., కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సి.యు.ఇ.టి. పీజీ పరీక్ష ఉన్నాయి. కలకత్తాలో 1931లో మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా తన విద్యార్థులకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చి చదివించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావు ఆ సంస్థ నీడలోనే ప్రపంచం తలవంచే సాంఖ్యక శాస్త్రవేత్త అయ్యారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఆయనను వరించింది.

మరి మన పిల్లలు ఆ తలుపుల దగ్గర ఎందుకు కనిపించరు? ఆ పరీక్షల పేర్లు మన మహల్లాలలో వినిపించవు కనుక. వినిపించేవి కన్సల్టెన్సీల బోర్డులు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో తక్కువ ఫీజుకు దొరికే సంభావ్యత, సాంఖ్యక శాస్త్రాలనే మరో పేరు పెట్టిన ప్రైవేటు కోర్సులో లక్షలు పోసి కొంటున్నాం. "అత్యధిక ప్యాకేజీ ఇంత" అని కళాశాల గోడ మీద రాసిన అంకెను చూసి సంతకం చేస్తున్నాం. వంద మందిలో ఒకడికి వచ్చిన జీతం అది. జీతాల వరుసలో సరిగ్గా మధ్యన నిలబడిన యాభయ్యోవాడికి ఎంత వచ్చింది, ఎంతమందికి అసలు ఏమీ రాలేదు అన్నది ఆ గోడ చెప్పదు. సాంఖ్యక శాస్త్రం మొదటి పాఠంలోనే సగటుకూ మధ్యగతానికీ తేడా నేర్పుతారు. ఆ పాఠం బోధించే కళాశాలే తల్లిదండ్రుల దగ్గర ఆ తేడాను దాచడం మోసం కాక మరేమిటి?

విదేశీ చదువు విషయంలో ఈ మోసం మరింత పెద్దది. 40 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని రెండేళ్ల కోర్సు చేస్తే, పై పద్ధతిలోనే లెక్కించినప్పుడు వాయిదా మొదలయ్యేనాటికి బాకీ 53 లక్షలు దాటుతుంది. పదేళ్లపాటు నెలకు 73 వేలకు పైగా కట్టాలి. అమెరికాలో ఉద్యోగం దొరికితే అది మోయగల బరువే. కాని గణితం వంటి శాస్త్ర విషయాలు చదివినవారికి అక్కడ శిక్షణ పేరిట పనిచేసే అనుమతి మొత్తం 36 నెలలే. ఆపైన హెచ్ 1 బి వీసా ఏటా 85,000 మందికే పరిమితం. అర్హత ఉన్నా ఎంపిక జరుగుతుందన్న హామీ లేదు. తిరిగి రావలసి వస్తే ఇక్కడి జీతంతో అక్కడి అప్పు తీరదు. ఇల్లు తాకట్టు పెట్టి ఈ పందెం కాయమని చెప్పేవారు, ఓడినప్పుడు ఆ ఇంటి ముందు కనిపించరు.

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం ప్రారంభించింది. 20 లక్షల రూపాయల వరకు సాయం చేసే ఆ పథకాన్ని మేము స్వాగతించాం, నేటికీ సమర్థిస్తున్నాం. కాని దాని నిర్మాణంలో ఒక లోపం ఉంది. మొదటి విడత విద్యార్థి విదేశంలో దిగినట్టు ఆధారం చూపాక, రెండవ విడత మొదటి సెమిస్టర్ ఫలితాల తరువాత వస్తాయి. అంటే వీసాకు, విమానానికి, మొదటి ఫీజుకు ముందుగా అప్పు చేయగలిగినవాడికే ఈ సాయం అందుతుంది. విడుదల ఆలస్యమైన ప్రతి నెలా ఆ అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పేదవాడి కోసం పెట్టిన పథకం ముంగిట అప్పు కాపలా కాస్తున్నది.

ఒక్కొక్క తలుపూ మూసినవారెవరు?

2006లో సచార్ కమిటీ చెప్పిన మాట మనం మరువలేదు. ప్రసిద్ధ కళాశాలలలో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒకరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లిం అని ఆ నివేదిక తేల్చింది. మెట్టు పైకి వెళ్లేకొద్దీ మన సంఖ్య సగమవుతున్నది. ఆ తరువాత 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్, 2013-14లో విదేశీ చదువుల రుణంపై వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ పథకం వచ్చాయి. ఆ రెండూ కచ్చితంగా ఈ పై మెట్ల కోసమే.

2022లో కేంద్ర ప్రభుత్వం రెండింటినీ ఆపివేసింది. ఫెలోషిప్పు ఇతర పథకాలతో కలగాపులగమవుతున్నదని ఆ డిసెంబరులో లోక్‌సభలో కారణం చెప్పారు. అదే ఏడాది 1 నుంచి 8 తరగతుల మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పు కూడా ఆగిపోయింది. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను 2024 ఫిబ్రవరిలో మూసివేయాలని ఆదేశించారు. దేశపు తొలి విద్యామంత్రి పేరు మీద ఉన్న తలుపులు ఇలా ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే ప్రకారం 2020-21 నాటికే విద్యార్థులలో ముస్లింల వాటా 4.6 శాతం, 2011 జనగణనలో మన జనాభా వాటా 14.2 శాతం. తలుపులు మూయడానికి ఇదేనా అదను?

వాటి స్థానంలో మనకు చూపినది రుణాలు. 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం పూచీకత్తు లేకుండా రుణం ఇస్తామంటున్నది. పూచీకత్తు అడగకపోవడం మేలే, కాదనము. కాని అందులో 7.5 లక్షల వరకు రుణానికి ఇచ్చే 75 శాతం హామీ బ్యాంకుకు రక్షణ, విద్యార్థికి కాదు. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ ఏటా లక్ష మందికే. అందులోనూ సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకు ప్రాధాన్యం. 4.5 లక్షల లోపు ఆదాయం గలవారికి చదువుకాలపు వడ్డీ మొత్తం భరించే మరో కేంద్ర పథకం సాంకేతిక, వృత్తి విద్యా కోర్సులకే పరిమితం. కృత్రిమ మేధలో దేశాన్ని అగ్రస్థానాన నిలుపుతామని వేదికలెక్కి చెప్పేవారు, ఆ మేధకు తల్లి అయిన గణితం చదివే పేద విద్యార్థిని వరుస చివర నిలబెడుతున్నారు.

రాష్ట్రాల బాధ్యత తక్కువేమీ కాదు. 2007 నుంచి బి.సి. ఇ వర్గం కింద అమలవుతున్న 4 శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి రెండు తెలుగు రాష్ట్రాలలో ఒక తరాన్ని కళాశాల గడప ఎక్కించాయి. ఆ రీయింబర్స్‌మెంట్ బకాయి పడినప్పుడు ప్రభుత్వం కళాశాలకు రుణపడుతుంది, కళాశాల విద్యార్థి సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటుంది. అవి లేక పీజీ సీటు చేజారకుండా తండ్రి పరుగెత్తేది వడ్డీ వ్యాపారి దగ్గరికే. సర్కారు బాకీ పడితే అప్పు మన పేరున పడుతున్నది.

వడ్డీ ప్రశ్న

ఇక్కడ మన సముదాయం లోపలి మాట ఒకటి చెప్పక తప్పదు. వడ్డీ నిషిద్ధమని బ్యాంకు రుణానికి దూరంగా ఉండే కుటుంబాలు అనేకం. వారి నిష్ఠను మేము గౌరవిస్తాం. కాని ఆ నిష్ఠకు తోడుగా మనం ఏ ఏర్పాటూ చేయకపోతే ఏం జరుగుతుంది? ఫీజు గడువు ముంచుకొచ్చిన రోజున అదే కుటుంబం నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఊళ్లో అప్పు తెస్తుంది. 3 లక్షలకు నెలకు 6,000, మూడేళ్లకు 2 లక్షల 16 వేలు వడ్డీయే. అసలు అలాగే ఉంటుంది. చిన్న వడ్డీని తప్పించుకుని పెద్ద వడ్డీలో పడటం నిష్ఠకు దక్కవలసిన ప్రతిఫలం కాదు.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పులలో చిక్కుకున్నవారూ ఉన్నారు. మునిగినవారిని లాగడం ఎంత పుణ్యమో, మునగకుండా ముందే గట్టు కట్టడం అంతకంటె వివేకం. వడ్డీ లేని అప్పులిచ్చే బైతుల్‌మాల్‌లు హైదరాబాదులో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. పెళ్లికి, వైద్యానికి, చిల్లర వ్యాపారానికి ఇస్తున్న ఖర్జె హసనా చదువుకూ ఎందుకు ఇవ్వరాదు? మొదటి జీతం వచ్చేవరకు గడువిచ్చి, జీతంలో ఇంత శాతం అని వాయిదా నిర్ణయిస్తే, పైన చెప్పిన తొందర అనే చిక్కు తీరుతుంది.

మాకు ఎదురయ్యే ఒక వాదం

"డిగ్రీ వల్ల లాభపడేది విద్యార్థే, ఖర్చు అతడే పెట్టుకోవాలి, ప్రజల పన్ను ఎందుకు?" అని అడిగేవారున్నారు. న్యాయంగా వినిపించే ఈ మాటలో అన్యాయం ఎక్కడుందో చూడండి. 10 లక్షల కోర్సుకు ఉన్నవాడు 10 లక్షలు కడతాడు. లేనివాడు, మనం లెక్కించినట్టు, 20 లక్షలకు పైగా కడతాడు. ఒకే తరగతి, ఒకే బెంచీ, ఒకే పట్టా. పేదవాడికి రెట్టింపు ధర. దీనిని స్వయంకృషి అనడం తగదు. ఇది పేదరికం మీద వేసిన పన్ను. పైగా గణితం చదివినవారి లాభం వారితో ఆగదు. ప్రభుత్వ పాఠశాలలో మంచి లెక్కల టీచర్ ఒక్కరుంటే ఎన్ని తరాలు బాగుపడతాయో మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆ టీచర్ జీతం చిన్నది కావచ్చు, ఆ మేలు చిన్నది కాదు. పెద్ద అప్పుతో చదివినవాడు ఆ ఉద్యోగానికి రాలేడు. అప్పుడు నష్టపోయేది ఆ ఊరి బడి.

మా డిమాండ్లు

కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ పఢో పర్‌దేశ్‌నూ పునరుద్ధరించాలి. వడ్డీ రాయితీలను గణితం, మౌలిక శాస్త్రాల డిగ్రీలకు విస్తరించాలి. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ అత్యల్పాదాయ కుటుంబాలకు 3 శాతం వడ్డీకి ఇచ్చే విద్యారుణం గురించి ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయం ముందు తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. రాష్ట్రాలు రీయింబర్స్‌మెంట్ బకాయిలకు విద్యార్థి సర్టిఫికెట్లను ముడిపెట్టకుండా కట్టుదిట్టం చేయాలి. విదేశీ విద్యా సాయం మొదటి విడతను ప్రయాణానికి ముందే విడుదల చేయాలి. ప్రతి కళాశాలా అత్యధిక ప్యాకేజీతో పాటు మధ్యగత జీతాన్ని, ఉద్యోగం దొరకనివారి సంఖ్యను కూడా ప్రకటించేలా చట్టం తేవాలి.

మస్జిద్ కమిటీలను, బైతుల్‌మాల్‌లను, విద్యాసంఘాలను మేము అడిగేది తక్కువే. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, పిలిచి జామ్, సి.యు.ఇ.టి. పరీక్షల సంగతి చెప్పండి. దరఖాస్తు రుసుము మీరు కట్టండి. హాస్టలు దూరమని తటపటాయించే తండ్రితో మాట్లాడండి.

తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. సంతకానికి ముందు మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: చదువు ముగిసేనాటికి బాకీ ఎంత, నెలవాయిదా ఎంత, ఆ కోర్సు చదివినవారిలో నడిమి విద్యార్థి మొదటి జీతం ఎంత. వాయిదా ఆ జీతంలో అయిదో వంతు దాటితే ఆగండి. చదువు ఆపకండి, ఆ అప్పు ఆపండి. అదే గణితం తక్కువ ఖర్చుకు దొరికే మరో చోటు వెతకండి. కన్సల్టెన్సీ ఆ మూడు అంకెలూ రాసివ్వనంటే, మీకు కావలసిన జవాబు అప్పటికే దొరికినట్టు.